వాంతి ఆగింది, కానీ చిన్ను ఇంకా తినట్లేదు

ఉత్తరం: "మా కుక్క చిన్నుకి ఐదేళ్ళు, 12 కిలోలు ఉంటుంది. రెండు నెలలకోసారి దీని కడుపు పాడవుతుంది, తెల్లవారుజామున పసుపు పసరు కక్కుతుంది, ఒకరోజు తినదు, మళ్ళీ మామూలే. ఈసారి ఒక్క రోజులో నాలుగుసార్లు కక్కితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, ఇంజెక్షన్ చేసి వాంతులు ఆపే మారోపిటాంట్ 24 ఎంజీ మాత్రలు రోజుకొకటి చొప్పున రాశారు. వాంతులు ఆగాయి. కానీ ఇది మూడో రోజు, ఇంకా సరిగ్గా తినట్లేదు, గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి వెళ్ళిపోతోంది, ఊరికే పెదాలు నాక్కుంటోంది. పోయినసారివి మూడు మాత్రలు ఇంట్లో ఉన్నాయి. ఇకమీదట కక్కితే డాక్టర్ దాకా వెళ్ళకుండా నేనే ఒకటి వేసెయ్యొచ్చా? ఇంట్లో మేం వాడుకునే వాంతి మందు ఒండాన్‌సెట్రాన్ కూడా ఉంది, అది వెయ్యొచ్చా?"

మీరు అడిగిన రెండిటికీ ముందు సూటిగా చెప్పేస్తాను. మిగిలిన మాత్రలు డాక్టర్‌కి ఫోన్ చెయ్యకుండా వెయ్యకండి. ఒండాన్‌సెట్రాన్ కుక్కలకి వాడే మందే, పశువైద్యులు చాలామంది రాస్తారు, కానీ మీ డబ్బాలోంచి తీసి మీరు వెయ్యొద్దు. ఎందుకో కింద చెప్తాను. కానీ ఉత్తరం చదువుతుంటే నాకు గుచ్చుకున్నది ఆ రెండు ప్రశ్నలూ కాదండీ, మధ్యలో మీరు మామూలుగా చెప్పేసిన మాట, గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి వెళ్ళిపోతోంది, పెదాలు నాక్కుంటోంది అన్నారు చూడండి, అది. చిన్నుకి వాంతి ఆగింది గానీ కడుపులో తిప్పడం ఆగలేదు. ఈ రెండూ ఒకటే అని మనందరం అనుకుంటాం, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

మెదడు అడుగుభాగంలో వాంతి చేయించే చోటు ఒకటి ఉంటుంది. దానికి కబుర్లు నాలుగు వైపుల నుంచి వస్తాయి, కడుపు పేగుల నరాల నుంచి, రక్తంలో చేరిన విషాలని కనిపెట్టే చోటు నుంచి (కిడ్నీ దెబ్బతిన్నప్పుడు, పాడు పదార్థం తిన్నప్పుడు కబురు ఇక్కడి నుంచే వెళ్తుంది), లోపలి చెవి నుంచి (కారులో తిప్పేది ఇదే), ఇంకా భయం కంగారు లాంటివి పుట్టే పైమెదడు నుంచి. ఎటునుంచి కబురొచ్చినా చివర్లో దాటాల్సిన తలుపు ఒకటుంది, అక్కడ సబ్‌స్టెన్స్ పి అనే పదార్థం ఎన్‌కే1 అనే గ్రాహకానికి, అంటే కబురు అందుకునే చోటుకి, అంటుకుంటేనే కక్కడం మొదలవుతుంది. మారోపిటాంట్, అంటే సెరీనియా పేరుతో వచ్చేది, సరిగ్గా ఆ తలుపు దగ్గరే అడ్డం నిలబడుతుంది. అందుకే కారణం ఏదైనా వాంతి అంత బాగా ఆగుతుంది, కుక్కల కోసమే తయారుచేసిన మందు, మంచి మందు, నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు.

కానీ తలుపు మూసినంత మాత్రాన లోపల గొడవ సద్దుమణగదు కదా. వికారం అనేది మెదడులో ఇంకొంచెం పైన తెలిసే బాధ, దాన్ని మారోపిటాంట్ వాంతిని ఆపినంత గట్టిగా ఆపలేదు. ఒండాన్‌సెట్రాన్ దారి వేరు, అది సెరోటోనిన్ అనే కబురు మోసే ఇంకో పదార్థాన్ని అడ్డుకుంటుంది, వికారం తగ్గించడంలో దానిదే పైచెయ్యి. అందుకే కొన్ని కేసుల్లో డాక్టర్లు రెండూ కలిపి ఇస్తారు. మీ చిన్నుకి ఇప్పుడు అది అవసరమేమో అని నా అనుమానం, అందుకే రేపటిదాకా ఆగకుండా ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చేసి "వాంతులు లేవు, కానీ వికారం లక్షణాలు ఉన్నాయి, మూడో రోజు కూడా తినట్లేదు" అని ఇదే మాట చెప్పండి. "బానే ఉంది, కక్కట్లేదు" అంటే ఆయన కూడా బానే ఉందనుకుంటారు.

వికారం లక్షణాలు అంటే ఏం చూడాలో మా పాత కుక్క నల్లోడి సంగతి చెప్తాను. వాడికి జీవితాంతం కడుపు బాధే. రాత్రి రెండు మూడింటికి నాకు మెలకువ వచ్చేది, ఎందుకంటే చీకట్లో ఒక చప్పుడు, గుటక, మళ్ళీ గుటక, నోట్లో ఏమీ లేకుండానే మింగుతున్న చప్పుడు. లైటు వేస్తే వాడు మంచం పక్కన నిలబడి నేల నాకుతూ ఉండేవాడు, ఒకే చోట, నేల తడిసి మెరిసిపోయేదాకా. పడుకునేవాడు కాదు, పడుకున్నా ముందుకాళ్ళ మీదే సగం లేచి తల కొంచెం కిందికి వేలాడేసి ఉండేవాడు, కింది పెదవి మూల నుంచి సన్నగా తీగలా చొంగ. నేను వెళ్ళి వీపు మీద చెయ్యి వేస్తే ఒకసారి ఆవలించేవాడు, అది నిద్రొచ్చి ఆవలించడం కాదు. పొద్దున్నే తలుపు తియ్యగానే పరిగెత్తి గడ్డి పీకి గబగబా మింగేవాడు. ఒక్క వాంతి కూడా ఉండేది కాదు అలాంటి రోజుల్లో. నేను "హమ్మయ్య కక్కలేదు" అనుకుని ఆఫీసుకి వెళ్ళిపోయేదాన్ని. వాడు ఆ రోజంతా ఎలా గడిపేవాడో ఇప్పుడు తల్చుకుంటే కడుపులో దేవినట్టుంటుంది నాకు.

కాబట్టి మందు పనిచేసిందా లేదా అన్నదానికి కొలత వాంతుల లెక్క కాదు. తిండి దగ్గర ఏం చేస్తోంది, ఉత్తినే మింగుతోందా, పెదాలు నాకుతోందా, చొంగ ఉందా, ఒకచోట స్థిమితంగా పడుకుంటోందా, ఇవి చూడండి. ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి డాక్టర్‌కి చూపిస్తే మీరు పది నిమిషాలు చెప్పినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఇక మిగిలిన మాత్రల సంగతి. ఇది నేను ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే నేను ఆ పని చేశాను కాబట్టి. నల్లోడి తర్వాత వచ్చిన కుక్కపిల్ల ఒకసారి రెండుసార్లు కక్కింది, ఇంట్లో మారోపిటాంట్ ఉంది, బరువు చూసి సరిపడా వేశాను, వాంతి ఆగింది, తోక ఊపింది, సరే తగ్గిందిలే అనుకున్నాను. మర్నాడు సాయంత్రానికి నీళ్ళు కూడా వద్దంది, పొట్ట ముట్టుకుంటే ఒళ్ళు బిగబట్టింది. ఎక్స్‌రే తీస్తే పేగులు ఉబ్బి ఉన్నాయి, కోసి చూస్తే మేజోడు, మొత్తం మేజోడు పేగులో ఇరుక్కుని ఉంది. బతికింది, కానీ డాక్టర్ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది, ఇంకొంచెం ముందు తెచ్చుంటే పేగు అంత దెబ్బతినేది కాదు అన్నారు. ఆ ఒకటిన్నర రోజు పోగొట్టింది నేనే, వాంతి మళ్ళీ మళ్ళీ అయ్యుంటే నేను ఆ రాత్రే పరిగెత్తేదాన్ని కదా, ఆ మాత్రతో అది చెప్పే ఒక్క మాటనీ నేనే ఆపేశాను.

వాంతి మందు వాంతిని ఆపుతుంది, దాని వెనకున్నదాన్ని కాదు. డాక్టర్ వేసే ముందు పొట్ట నొక్కి చూసి, చిగుళ్ళు చూసి, ఏం మింగిందో అడిగి, అవసరమైతే ఎక్స్‌రే తీసి అప్పుడు వేస్తారు, మందు అదే కావచ్చు, తేడా అంతా ఆ చూడటంలో ఉంది. పేగులో అడ్డం ఉన్నప్పుడు మెటోక్లోప్రమైడ్ లాంటి కడుపుని ముందుకి కదిలించే మందులైతే ఇంకా ప్రమాదం, మూసుకుపోయిన గొట్టంలోకి బలంగా తోసినట్టు. డోంపెరిడాన్ కూడా ఆ కోవదే, అది మనుషుల మందుల డబ్బాల్లో చాలా ఇళ్ళల్లో ఉంటుంది కాబట్టి చెప్తున్నా.

కొన్నిటికి మాత్రం ఫోన్‌లో అడుగుతూ కూర్చోకుండా వెంటనే బయల్దేరాలి. పొట్ట ఉబ్బి, డోకులు మీద డోకులు వస్తూ ఏమీ బయటికి రాకపోతే అది కడుపు మెలిపడటం కావచ్చు, పెద్ద జాతి, లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో ఎక్కువ, అక్కడ గంటలు కూడా లెక్కే. వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటి నల్ల రేణువులు గానీ ఉన్నా, టీకాలు పూర్తికాని కుక్కపిల్ల కక్కుతూ మోషన్స్‌లో రక్తం పోతున్నా (పార్వో అనే వైరస్ జబ్బు అనుకోవాలి ముందు), ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చి వెళ్ళిన కొన్ని వారాలకి కక్కుతూ నీళ్ళు తెగ తాగుతున్నా (గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు), చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్, ఎలుకల మందు లాంటివి తిన్నదని అనుమానం ఉన్నా వెంటనే వెళ్ళాల్సిందే, వాంతి మాత్ర ముట్టుకోవద్దు. విషం తిన్న కుక్కకి వాంతి ఆపితే ఆ విషాన్ని లోపలే దాచినట్టు.

ఇంకొకటి చాలామంది కలిపేస్తారు. కక్కడం వేరు, తిన్నది అలాగే పైకి జారిపోవడం వేరు. కక్కేటప్పుడు పొట్ట ఎగసెగసి పడుతుంది, డోకులు వస్తాయి, ముందు చొంగ కారుతుంది. రెండోది అలా ఉండదు, తల వంచుతుంది, తిన్నది తిన్నట్టే గొట్టం ఆకారంలో పడిపోతుంది, అంతే. అది అన్నవాహిక జబ్బు, దానికి వాంతి మందులు పెద్దగా పనిచెయ్యవు, పైగా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. మీరు రాసినదాన్ని బట్టి చిన్నుది కక్కడమే అనిపిస్తోంది, అయినా ఈసారి చూడండి.

ఇప్పుడు ఒండాన్‌సెట్రాన్. మందు మంచిదే అన్నాను, మరి ఇంట్లోది ఎందుకొద్దు అంటే, ఒకటి, కుక్కల్లో నోటితో ఇచ్చింది రక్తంలోకి సరిగ్గా చేరదు, కుక్క కుక్కకీ తేడా ఉంటుంది, అందుకే డోసు మనుషుల లెక్కన వెయ్యడానికి లేదు, రోజుకి రెండు మూడుసార్లు ఇవ్వాల్సి వస్తుంది, అది తూకం వేసి డాక్టరే రాయాలి. రెండు, మనుషుల సిరప్‌లలో, నోట్లో కరిగే మాత్రల్లో తీపి కోసం ఏం కలిపారో చూడాలి, కొన్ని ద్రవ మందుల్లో జైలిటాల్ ఉంటుంది, అది కుక్కలో చక్కెరని ఒక్కసారిగా పడేస్తుంది, లివర్‌ని కూడా పాడుచేస్తుంది. మూడు, వాంతి మాత్ర అని మనం అనుకునేవాటిల్లో కొన్ని ఒకే మాత్రలో రెండు మందులు కలిపినవి, డోంపెరిడాన్‌తో పారాసిటమాల్ కలిపినవి కూడా ఉన్నాయి, పారాసిటమాల్ కుక్కకి మంచిది కాదు, ఐబుప్రొఫెన్ అయితే అసలే వద్దు. నాలుగు, చిన్ను కంగారుకో ఇంకోదానికో సెరోటోనిన్ పెంచే మందు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కి తెలియాలి. మోషన్స్ కూడా ఉన్నాయని లోపెరమైడ్ వేసేవాళ్ళున్నారు, కోలీ లాంటి గొర్రెలు కాసే జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యువు తేడాగా ఉండే కుక్కలకి అది మెదడుకెక్కి ప్రాణం మీదికొస్తుంది. ఒమెప్రజోల్, ఫామోటిడిన్ లాంటి గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గించేవి, వికారాన్ని ఆపేవి కావు, డాక్టర్ రెండూ రాస్తే రెండూ వేరు వేరు పనులకి రాసినట్టు.

డాక్టర్ రాసిన మారోపిటాంట్‌నే సరిగ్గా ఎలా వాడాలో కూడా రెండు ముక్కలు చెప్తాను, ఎందుకంటే మీ దగ్గర ఇప్పుడు పనిలో ఉన్నది అదే. వాంతులకి మాత్రగా ఇచ్చేది కిలోకి 2 ఎంజీ, రోజుకి ఒక్కసారే, చిన్నుకి 12 కిలోలు కాబట్టి 24 ఎంజీ మాత్ర సరిగ్గా సరిపోయింది. ఇంజెక్షన్ అయితే కిలోకి 1 ఎంజీ. కారులో తిప్పకుండా ఇచ్చే డోసు మాత్రం కిలోకి 8 ఎంజీ, అంటే నాలుగు రెట్లు, అది ప్రయాణానికి రెండు గంటల ముందు, వరసగా రెండు రోజులకి మించి ఇవ్వరు. ప్రయాణాల డోసు ఎక్కడో చదివి దాన్ని వాంతులకి, వాంతుల డోసుని ప్రయాణానికి వేసేవాళ్ళని చూశాను, రెండూ తప్పే. మాత్రని చీజ్‌లో గానీ మాంసం ముక్కలో గానీ గట్టిగా చుట్టి ఇవ్వకండి, కొవ్వు పట్టి కరగడం ఆలస్యమవుతుంది, కొంచెం తిండితో నోట్లో వేసి మింగిందా లేదా చూడండి. వేసిన కాసేపటికే మాత్రతో సహా కక్కేస్తే మళ్ళీ ఇంకోటి వెయ్యకుండా ఫోన్ చేసి అడగండి, అలాంటప్పుడు ఇంజెక్షనే మేలు. ఇంజెక్షన్ మంట పుడుతుంది, కుక్కలు కుయ్యోమంటాయి, ఫ్రిజ్‌లో చల్లబరిచిన మందు వేస్తే మంట తగ్గుతుంది, మీ డాక్టర్‌ని అడగొచ్చు, అడిగితే ఏం అనుకోరు. ఈ మందు లివర్‌లో కరుగుతుంది కాబట్టి లివర్ జబ్బున్న కుక్కలకి జాగ్రత్త, రెండు నెలల్లోపు పిల్లలకి వెయ్యరు. మిగిలిన మూడు మాత్రలు పారెయ్యక్కర్లేదు, గడువు తేదీ చూసి ఉంచండి, ఫోన్ చేసినప్పుడు "నా దగ్గర 24 ఎంజీవి మూడు ఉన్నాయి" అని చెప్పండి, ఆయన వెయ్యమంటే వెయ్యండి.

ఇంక అసలు ప్రశ్న, మీరు అడగనిది, రెండు నెలలకోసారి ఎందుకొస్తోంది. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పసుపు పసరు ఒక్కటే కక్కి, తర్వాత మామూలుగా తినేసే కుక్కలున్నాయి, వాటికి చాలాసార్లు రాత్రి పడుకోబోయే ముందు కొంచెం తిండి పెడితే చాలు, అదే రోజు తిండిని ఎక్కువ సార్లుగా పంచడమన్నమాట, ఎక్కువ పెట్టడం కాదు. ఇది మీరు చిన్ను కుదుటపడ్డాక చేసి చూడొచ్చు, ఖర్చు లేదు. కానీ చిన్ను ఒకరోజంతా తినడం మానేస్తోంది, ఈసారి నాలుగుసార్లు కక్కింది, ఇది ఉత్త ఖాళీ కడుపు వ్యవహారంలా లేదు. తిండి పడకపోవడం కావచ్చు, డాక్టర్ చెప్పిన ప్రత్యేక తిండి ఒక్కటే, మధ్యలో బిస్కెట్ ముక్క కూడా లేకుండా పెడితే పడనివాటిల్లో చాలావాటికి రెండు వారాల్లోనే తేడా కనపడుతుంది. పాంక్రియాస్, అంటే జీర్ణరసాలు చేసే గ్రంథి, వాపు కావచ్చు, అది కొవ్వు ఎక్కువ తిన్నాక ఎగదన్నుతుంది. ఇంకోటి, వస్తూ పోతూ ఉండే కడుపు బాధ, నీరసం, సెలైన్ ఎక్కించగానే లేచి కూర్చోవడం, ఇలా ఉంటే అడిసన్స్ అనే హార్మోను జబ్బుని గుర్తుంచుకోవాలి, ఏళ్ళ తరబడి దాన్ని ఉత్త కడుపు నొప్పి అనుకుని గడిపేస్తారు, రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను చూస్తారు, అది సరిపడా ఉంటే ఈ జబ్బు కాదని తేలిపోతుంది, తక్కువుంటే ఇంకో పరీక్ష చేసి తేల్చాలి. మామూలు రక్తపరీక్షలో సోడియం పొటాషియం బానే ఉన్నా ఆ జబ్బు ఉండొచ్చు కాబట్టి కార్టిసాల్ గురించి మీరే నోరు తెరిచి అడగండి. వాంతి మందు వేస్తూ పోతే ఇవేవీ బయటికి రావు, ప్రతిసారీ "తగ్గింది" అనే అనుకుంటారు.

ఇవాళ ఏం చెయ్యాలంటే. చిన్ను పై పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టండి, తడిగా జారాలి, వేలికి అంటుకున్నట్టు జిగటగా ఉంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయని. చిగురుని నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపే మళ్ళీ గులాబీ రంగు రావాలి. మెడ వెనక చర్మం పైకి లాగి వదిలితే వెంటనే కిందికి పోవాలి, ముడతలా నిలబడకూడదు. వీటిల్లో ఏది తేడాగా ఉన్నా ఫోన్ కాదు, తీసుకెళ్ళిపోండి. బానే ఉంటే నీళ్ళు కొద్దికొద్దిగా అందుబాటులో ఉంచండి, ఒకేసారి గిన్నెడు తాగనివ్వకండి. తిండి కొవ్వు లేనిది, గోరువెచ్చగా, ఒక చెంచాడు ముందు పెట్టి చూడండి, వద్దంటే గిన్నె తీసెయ్యండి, ముక్కు దగ్గరికి పట్టుకెళ్ళి బతిమాలకండి, నోట్లో కుక్కకండి. నల్లోడికి నేను అలా బలవంతంగా పెట్టేదాన్ని, వికారంగా ఉన్నప్పుడు పెట్టిన తిండిని వాడు తర్వాత బాగున్న రోజుల్లో కూడా ముట్టుకోలేదు, ఆ వాసనకీ ఆ బాధకీ ముడిపడిపోయింది వాడి బుర్రలో.

ఫోన్ చేసేటప్పుడు పక్కన కాగితం పెట్టుకోండి, ఆఖరిసారి ఎప్పుడు కక్కింది, ఆఖరి మాత్ర ఎన్నింటికి వేశారు, ఎన్నిసార్లు ఉచ్చ పోసింది, దొడ్డికి ఎలా వెళ్ళింది, ఇంట్లో బొమ్మలు గుడ్డలు ఏమైనా తగ్గాయా, ఆఖరిది మర్చిపోకుండా ఇల్లంతా ఒకసారి వెతికి మరీ చెప్పండి. సాయంత్రానికి కూడా తినకపోతే, లేదా మాత్ర వేసినా మళ్ళీ కక్కితే, రేపటి కోసం చూడకుండా రాత్రయినా తీసుకెళ్ళండి. ఏం చెప్పారో నాకు రాయండి, చిన్ను ఎలా ఉందో తెలిసేదాకా నాకూ మనసు అక్కడే ఉంటుంది.